పలకలు అడిగారు, పలకలు ఇచ్చాం

తిరుపతిలో నాది ఫ్లెక్సులు, స్క్రీన్ ప్రింటింగు షాపు. డిసెంబరు 20 దాటిందంటే మాకు సీజను. న్యూ ఇయర్ శుభాకాంక్షలు, సంక్రాంతి శుభాకాంక్షలు, ముగ్గుల పోటీలు, వాటితో పాటు ఇంకో రకం ఆర్డరు ఒకటి వస్తుంది: ‘కొండప్రాంత విద్యార్థులకు సంక్రాంతి కానుకల పంపిణీ’. ఆరుకు నాలుగు సైజు. పైన వెంకటేశ్వరస్వామి, కింద గుండ్రంగా కోసిన దాతల ఫోటోలు, మధ్యలో నవ్వుతున్న పిల్లల బొమ్మ. ఆ పిల్లలు ఏ ఊరివాళ్లో నాకు తెలీదు. ఎప్పుడో ఇంటర్నెట్టులో దొరికారు. పదేళ్లుగా నా ఫ్లెక్సుల్లో వాళ్లే నవ్వుతున్నారు. 2022 ఏప్రిల్‌లో మన జిల్లాను విడదీసినప్పుడు ‘చిత్తూరు జిల్లా’ తీసి ‘తిరుపతి జిల్లా’ అని పెట్టాను. పిల్లల్ని మాత్రం మార్చలేదు.

ఈ పనిలో ఉన్నందువల్ల నాకొక సంగతి బాగా తెలుసు. ఫ్లెక్సు ముందు, కానుక తర్వాత. మేటర్ రాసుకునేటప్పుడు "ఏం పంచుతున్నారని వెయ్యాలన్నా?" అని అడుగుతాను. "కానుకలు అని వెయ్యి చాలు, ఏందనేది ఇంకా డిసైడ్ కాలేదు" అంటారు. వెక్కిరించడానికి చెప్పడం లేదు. మా స్నేహితుల గుంపు కూడా అట్లాగే మొదలైంది, ఆ ఫ్లెక్సు కూడా నేనే కొట్టాను.

ఇప్పుడు నేను చెప్పబోయే మాటకు మా గుంపులోనే సగం మంది ఒప్పుకోరు. అయినా చెప్తాను. పండక్కి కొండమీది బడికి వెళ్తే పండగ వస్తువే తీసుకెళ్లాలి. బ్యాగులు, నోటుబుక్కులు, పెన్నులు, జామెట్రీ బాక్సులు వద్దు. తినేసేది, మోగేది, మెరిసేది, రెండు రోజుల్లో విరిగిపోయినా పర్వాలేదనిపించేది తీసుకెళ్లాలి. పనికొచ్చేది ఇవ్వాలనుకుంటే ఏడాదిలో ఇంకో 364 రోజులున్నాయి.

నాకీ బుద్ధి ఎట్లా వచ్చిందో చెప్తాను. 2023 జనవరిలో మొదటిసారి వెళ్లాం. తిరుపతి నుంచి పీలేరు రోడ్డు పట్టి, భాకరాపేట ఘాటు ఎక్కి దిగి, తలకోన వైపు తిరిగితే, తారు రోడ్డు అయిపోయాక ఇంకొంత జీపు దారి. ఊరి పేరు రాయను. ముప్పై చిల్లర ఇళ్లు, ఎక్కువగా యానాదులవి. ఒకటే గది బడి, ఒకరే అయ్యోరు, రిజిస్టరులో 23 మంది. ఆ అయ్యోరికి ముందే ఫోన్ చేసి, పిల్లలకు ఏం కావాలో పిల్లల్నే అడగండి సార్ అన్నాం. అప్పటికి అదే మాకు పెద్ద సంస్కారం అనిపించింది. రెండు రోజుల తర్వాత ఆయన ఫోన్ చేసి, "పలకలు కావాలంటున్నారు" అన్నాడు.

మా ఆనందం చూడాలి. ఈ కాలంలో పలకలు అడిగే పిల్లలు! సెల్‌ఫోను కాదు, సైకిలు కాదు, పలక! మా గుంపులో ఒకాయనకు కళ్లు చెమర్చాయి. నేను వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టాను. బేరి వీధి, గాంధీ రోడ్డు తిరిగి 30 పలకలు, పెట్టెల కొద్దీ బలపాలు కొన్నాం. ఒక సంస్థ ఇచ్చిన బ్యాగులు ఉంటే వాటి మీద నేనే స్క్రీన్ ప్రింటు వేశాను. చిక్కీలు కూడా పెట్టాం. దారిలో చెక్‌పోస్టు దగ్గర జీపు ఆపి మూటలు విప్పించారు. శేషాచలంలో ఎర్రచందనం దుంగలు కిందికి వస్తున్నాయేమో అని వెతకడం అందరికీ తెలిసిందే. పైకి ఏం పోతుందో కూడా చూస్తారని ఆరోజే తెలిసింది. దుంగలు నరికేవాళ్లకు బియ్యం, ఉప్పు మోసేవాళ్లు కూడా ఉంటారట. మూటలో పలకలు చూసి చెక్‌పోస్టు ఆయన నవ్వి పంపించేశాడు.

బడి దగ్గర పిల్లల్ని వరసగా నిలబెట్టాం. మొదటి పలక అందుకున్నవాడు ఏడెనిమిదేళ్ల పిల్లోడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. వేలితో రెండుసార్లు తట్టాడు. టక్ టక్ మంది. పక్కవాడి వైపు తిరిగి మెల్లగా, "మోగదు" అన్నాడు.

కోస్తావాళ్లకు, తెలంగాణవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు డప్పును పలక అంటాం. గంగజాతరలో మోగేవి పలకలే. భోగికి వారం ముందు తిరుపతి వీధుల్లో పిల్లల కోసం చిన్న చిన్న పలకలు అమ్మకానికి పెడతారు. తెల్లవారుజామున భోగి మంట వేసి, మంట సెగకు పలకను కాచి, తోలు బిగుసుకున్నాక కొడితే ఆ చప్పుడుకు వీధి వీధంతా లేవాల్సిందే. ఆ పిల్లలు అడిగింది అది. అయ్యోరిది ప్రకాశం జిల్లా. ఆయనకు తట్టలేదంటే అర్థముంది. నేను తిరుపతిలో పుట్టి, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో పలకల దెబ్బకు చిందేసినవాణ్ణి. భోగి వారంలో, భోగికని పిల్లలు పలక అడిగితే నాకెందుకు తట్టలేదు?

మా చెల్లెలి కొడుకు "మామా, భోగికి పలక తేవా" అని అడిగి ఉంటే నేను బలపాల పెట్టె కొనేవాణ్ణా? ఆ మాటే నన్ను ఆ రాత్రంతా తినేసింది. మాట అదే, భాష అదే, జిల్లా అదే. అడిగినవాళ్లు ‘కొండ పిల్లలు’ అయ్యేసరికి నా చెవి వాళ్ల మాటలో సరదా ఉంటుందని అనుకోలేదు. వాళ్లు ఏం అడిగినా చదువుకే అడుగుతారని, లేమి వల్లే అడుగుతారని ముందే తీర్మానించుకుని కూర్చుంది.

చిక్కీల సంగతి ఇంకా అన్యాయం. ఒక పాప పొట్లం విప్పకుండానే, "అన్నా, ఇవి మాకు బళ్లో వారానికి మూడు రోజులు పెడతారు" అంది. మాట నిజమే. మధ్యాహ్న భోజనంలో గుడ్డుతో పాటు వేరుశనగ చిక్కీ 2020 నుంచీ ఉంది. ఆ పథకం పేరు ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుగా మారింది గానీ చిక్కీ అదే. బ్యాగూ అంతే. 2020 అక్టోబరు నుంచి బడి పిల్లలకు బ్యాగు, నోటుబుక్కులు, యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు కిట్టుగా వస్తున్నాయి. అప్పుడు విద్యా కానుక అన్నారు, ఇప్పుడు విద్యార్థి మిత్ర అంటున్నారు. మేం తీసుకెళ్లిన బ్యాగులు ఆ పిల్లలకు రెండోవి, కొందరికి మూడోవి. మరుసటి ఏడాది వెళ్లి చూస్తే రెండిళ్లల్లో వాటి నిండా చింతపండు కుక్కి దూలానికి వేలాడదీశారు. మంచిపనే చేశారు, బ్యాగు గట్టిది.

ఇంకోటి చెప్పి తీరాలి. మేమిచ్చిన వాటన్నిట్లోకీ వాళ్లకు ఎక్కువ కాలం ఉపయోగపడింది నా ఫ్లెక్సు. ఒక అవ్వ గుడిసె మీద, వాన కారే చోట, దాతల ముఖాలు ఆకాశం వైపు చూస్తున్నాయి.

సరే, ప్రభుత్వం ఇస్తోంది కదా, మనమూ ఇంకోటి ఇస్తే నష్టమేంటి అనొచ్చు. నష్టం ఉందంటాను. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లకు చదువు, ఆ చదువుకు కావాల్సిన పుస్తకం ఆమె హక్కు. ఎవరి దగ్గరా చెయ్యి చాపి తీసుకునేవి కావు. అదే పుస్తకాన్ని మనం జనవరిలో మైకు పెట్టి, పేరు పిలిచి, ఫోటో కోసం ఒక క్షణం చేతిలోంచి వదలకుండా పట్టుకుని ఇస్తే, ఆ పిల్ల ఏం నేర్చుకుంటుంది? జూన్‌లో హక్కుగా వచ్చింది కూడా ఎవరో పెద్దమనుషుల దయేనని. పండగ వస్తువు దగ్గర ఈ చిక్కు లేదు. పలక ఎవరి హక్కూ కాదు. ప్రభుత్వం ఇవ్వలేదని ఎవరూ ధర్నా చెయ్యరు. అందుకే అది కానుక అవుతుంది.

మరి అందరూ బ్యాగులే ఎందుకు ఇస్తారు? షాపులో కూర్చుని చూసేవాడిగా నాకు కనిపించిన కారణం చెప్తాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఖర్చు పెట్టామని చూపించాలి. చూపించాలంటే లెక్కకు రావాలి, ఫోటోలో కనిపించాలి, మీద లోగో వెయ్యడానికి చోటుండాలి. బ్యాగుకు ఈ మూడూ కుదురుతాయి. మా వైపు అరిసెను అత్తిరసం అంటాం, దాని మీద లోగో ఎట్లా వేస్తాం? చిల్లర దాతలు కూడా కంపెనీలను చూసి అదే నేర్చుకున్నారు. నాకు వ్యాపారమే కాబట్టి నేనెప్పుడూ వద్దనలేదు, ఆ పాపంలో నాకూ చదరపు అడుగుకు ఇంతని వాటా ఉంది.

మన ఇళ్లల్లో సంక్రాంతి ఎట్లా చేస్తాం? పిల్లల మేనమామ వస్తాడు. చేతిలో నోటుబుక్కుల కట్టతో వస్తే ఇంట్లోవాళ్ల ముఖాలు ఎట్లుంటాయో ఊహించండి. కొత్త అల్లుడికి పండక్కి బనియన్లు, టూత్‌పేస్టు పెట్టిన అత్తగారిని ఎవరైనా చూశారా? రెండూ ఉపయోగపడేవే. మా అమ్మ చేసే అత్తిరసాలు, ఓళిగలు, నిప్పట్లు, మురుకులు వీటిలో ఆరోగ్యానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. అయినా నెల ముందు నుంచి నూనె, బెల్లం చూసుకుంటుంది. ఉన్నంతలో కాస్త దుబారా చెయ్యకపోతే అది పండగ అనిపించుకోదు. చిన్నప్పుడు మాకూ డబ్బు లేదు. మా నాయన ఒక సంక్రాంతికి అప్పు చేసి నాకు బెలూన్ల పొట్లం, తుపాకీ కొనిచ్చాడు. అదే ఏడాది నా యూనిఫాం మోకాలి దగ్గర చిరుగు కుట్టి ఉండేది. ఆ చిరుగు నాకు ఫోటో చూస్తే తప్ప గుర్తురాదు. తుపాకీ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇదంతా మా పిన్నమ్మకు చెప్పాను. ఆమె 30 ఏళ్లు పల్లెబళ్లల్లో టీచరుగా చేసి రిటైరైంది. అంతా విని ఒకటే మాటంది.

"చలికి వణికే పిల్లకు పలకిస్తావట్రా?"

నా దగ్గర గబుక్కున జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. జనవరిలో ఆ కొండవార చలి తిరుపతి చలి కాదు. పొద్దున బడికొచ్చే పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంటారు.

"అయితే స్వెట్టర్లు ఇమ్మంటావా?"

"ఇయ్యి. జనవరి దాకా ఎందుకు ఆగుతావు? చలి మీ ఫ్లెక్సు డేటు చూసుకుని వస్తుందా?"

అప్పట్నుంచి మేం చేసే పద్ధతి పిన్నమ్మ పెట్టిందే. స్వెట్టర్లు, దుప్పట్లు నవంబరులోనే అయ్యోరి చేతికి పంపిస్తాం. కొలతలు ఆయనే తీసుకుంటాడు. (మొదటి ఏడాది కొలతలు లేకుండా మేం ఇచ్చిన బూట్లు అన్నకు పెద్దవి, తమ్ముడికి చిన్నవి. ఇద్దరూ ఉత్తకాళ్లతోనే తిరిగారు.) మేం వెళ్లం. ఫోటో లేదు. ఎవరికి ఇచ్చాడో కూడా అడగం. ఇది రాయడం కూడా ఒకరకం ఫోటోనే కదా అని మా ఆవిడ అంటోంది. అననీ.

పిన్నమ్మ ఇంకో మాట కూడా అంది, అది నాకు ఎక్కువ పట్టింది. "అవసరం అవసరం అంటా ఉంటారే, మీరు చూసే అవసరాలన్నీ అంగట్లో దొరికేవే" అని. ఒకే గదిలో, ఒకే అయ్యోరు, ఐదు తరగతులు. ఒకటో తరగతి పిల్లకు అక్షరం దిద్దిస్తుంటే ఐదో తరగతివాడు గోడకేసి చూస్తుంటాడు. ఆ బడి అవసరం అది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బళ్లు పెట్టి ఈ చిక్కు మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలాగా వరస పెట్టి, ఏ పిల్లకు ఆ పిల్ల తన మెట్టు దగ్గర నుంచి తాను ఎక్కేటట్టు చేశారు. అయ్యోరు అందరికీ ఒకేసారి ఒకే పాఠం చెప్పాల్సిన పని లేదు. ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అని పేరు. తమిళనాడువాళ్లు ఇక్కడికొచ్చి చూసి, 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లల్లో అదే దారిలో మొదలుపెట్టారు. పిన్నమ్మ ఆ శిక్షణకు ఒకసారి వెళ్లొచ్చింది. "అది కదరా అవసరం తీర్చడమంటే. ఏళ్లు పడుతుంది. మీరు ఒక పూటలో పోయి ఏం తీరుస్తారు? పోండి, పిల్లల్ని నవ్వించి రాండి" అంది. వాదం మొదలుపెట్టింది నన్ను ఓడించడానికే గానీ, చివరికి నా వైపే తేలింది. ఈ సంగతి ఆమె ఒప్పుకోదు.

సభ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిన భాగోతమే. మొదటి ఏడాది మా ముఖ్య అతిథి కోసం పిల్లలు 11 గంటల నుంచి ఒంటిగంటన్నర దాకా ఎండలో కూర్చున్నారు. వంటామె వచ్చి రెండుసార్లు అయ్యోరి వైపు చూసింది, అయ్యోరు మా వైపు చూశాడు, మేం రోడ్డు వైపు చూశాం. గుడ్లు చల్లారిపోయాయి. ఇంకో సంగతి, సంక్రాంతికి బడికి సెలవులు. మనకు తీరిక దొరికేది ఆ సెలవుల్లోనే కాబట్టి చాలామంది అప్పుడే వెళ్తారు. సొంతూరికి పోవాల్సిన అయ్యోరు బస్సు మానుకుని మనకోసం బడి తాళం తీస్తాడు. మేం ఇప్పుడు సెలవులకు ముందు ఆఖరి పనిరోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక వెళ్తున్నాం. షాపు మూసి వెళ్లాలి. సీజన్లో ఒక పూట అంటే నాకు చిన్న నష్టం కాదు.

2024 జనవరిలో పలకలు తీసుకెళ్లాం, మోగేవే. నేర్చేసుకున్నాం కదా అనుకున్నాం. మగపిల్లలు 12 మంది, వాళ్లకు 12 పలకలు. ఆడపిల్లలకు గాజులు, రిబ్బన్లు. అమ్మాయిలు గాజులేసుకున్నారు, మురిసిపోయారు. అంతా బాగుంది అనుకుంటుండగా మూడో తరగతి పాప ఒకతి, గాజుల చేతుల్తోనే వచ్చి పలకల వరసలో నిలబడింది. "నీకు గాజులిచ్చాం కదమ్మా" అన్నాడు మావాడు. "గాజులు నేనడగలేదే" అంది. పోయినేడు పలకలు అడిగింది పిల్లలంతా. అందులో సగం మంది ఆడపిల్లలు. మేం మళ్లీ వినలేదన్నమాట.

దానికి తోడు రిజిస్టరులో 23 అయితే వచ్చినవాళ్లు 34. బడి ఈడు రానివాళ్లు, బడి మానేసి మేకల వెంట పోయేవాళ్లు, పండక్కి అమ్మమ్మ ఇంటికొచ్చినవాళ్లు. బ్యాగులైతే రిజిస్టరు చూసి ‘నీ పేరు లేదు’ అనొచ్చు, అంటారు కూడా. పలక చేతిలో పట్టుకుని ఆ మాట అనడానికి మా ఎవరికీ నోరు రాలేదు. 12 పలకలు 34 మంది మధ్య తిరిగాయి. పది నిమిషాల్లో ఒకటి చినిగింది, ఇద్దరు కొట్టుకున్నారు, ఒకడు ఏడ్చాడు. అయ్యోరు చెవులు మూసుకుని, "మీరు సాయంత్రానికి కొండ దిగిపోతారు సార్, ఈ మోత పడేది నేను" అన్నాడు. కానీ ఆయన కూడా నవ్వుతున్నాడు. అంత గోలలో ఒక్క పిల్ల కూడా మాకు థాంక్స్ చెప్పలేదు. మొదటి ఏడాది అందరూ వరసగా చెప్పారు, అయ్యోరు నేర్పించి ఉన్నాడు.

2025లో 45 పలకలు. ఇంకేం లేవు, మా అమ్మ చేసిన ఒక డబ్బా అత్తిరసాలు తప్ప. ఫ్లెక్సు కొట్టలేదు. అక్కడ ఒక పెద్దాయన పలకను వేళ్లతో మీటి చూసి, "మంచిదే నాయనా. రాత్రి పూట పందులు, ఏనుగులు చేలల్లోకి దిగితే డబ్బాలు కొట్టేవాళ్లం, ఇప్పుడు ఇవుండాయి" అన్నాడు. మా గుంపులో బ్యాగుల పార్టీవాడు ఒకడున్నాడు, వాడు వెంటనే నా వైపు తిరిగి, "చూశావా, ఉపయోగం వచ్చి కూర్చుంది" అన్నాడు. ఏం చెప్పాలో తోచక ఊరుకున్నాను.

బయల్దేరబోతుంటే ఫ్లెక్సు కప్పిన గుడిసె అవ్వ వచ్చి జీపులో ఒక సంచి పెట్టింది. నిండా ఉసిరికాయలు, అడివివి, పొద్దునే ఏరుకొచ్చినవి. మావాడు జేబులో చెయ్యి పెట్టి రెండు వందల నోట్లు తీశాడు. అవ్వ ఆ చేతిని పక్కకు తోసేసింది.

"పండక్కి పెట్టినదానికి రేటు కడతావా సామీ? మీ పలకలకు మేం కట్టినామా?"

మావాడు నోట్లు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఘాటు దిగేదాకా ఎవరం పెద్దగా మాట్లాడలేదు. ఇంటికొచ్చి సంచి దింపుతుంటే చూశాను, అది 2023లో మేమిచ్చిన బ్యాగుల్లో ఒకటి. మీద నా షాపులో వేసిన ప్రింటు ఇంకా చెరగలేదు, ‘చిన్నారుల చిరునవ్వే మా లక్షం’ అని. ‘లక్ష్యం’ అనుండాలి. ప్రూఫు చూసింది నేనే. మా ఆవిడ కాయలన్నీ ఊరవేసి, బ్యాగు ఉతికి ఆరేసింది. వచ్చే జనవరికి తిరిగిచ్చెయ్యాలట, అవ్వకు కావాల్సి ఉంటుంది.